చెలకకు ప్లాంటరా, డ్రిల్లా, గొర్రా? మడికి డ్రమ్ సీడరా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: దేవరకొండ దగ్గర 12 ఎకరాలు. అందులో 8 ఎకరాలు ఎర్ర చెలక (వాన మీద పండే తేలిక నేల), 4 ఎకరాలు బోరు కింద వరి మడి. చెలకలో జొన్న, మొక్కజొన్న, కంది వేస్తావు. 42 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. ఒక డీలర్ తొమ్మిది నాగళ్ళ సీడ్ కమ్ ఫర్టిలైజర్ డ్రిల్ చూపించి, ఇదొక్కటి ఉంటే ఏ పంటయినా విత్తుకోవచ్చన్నాడు. ఇంకో షాపులో ప్లేట్ల ప్లాంటర్ చూపించారు, దాని ధర ఎక్కువ. ఊళ్ళో పెద్దవాళ్ళేమో ఎద్దులతో తోలి విత్తే గొర్రు ఉండగా ఇవన్నీ ఎందుకంటున్నారు. వరికి డ్రమ్ సీడర్ (రంధ్రాలున్న డ్రమ్ముల్లోంచి మొలకెత్తిన గింజను సాళ్ళుగా వదిలే పరికరం) కొనాలా, చేత్తో వెదజల్లితే సరిపోతుందా అని కూడా అడిగావు.

ముందు నా సలహా చెప్పేస్తాను. చెలకకు ఇంక్లైన్డ్ ప్లేట్ ప్లాంటర్ తీసుకో, అదీ ఒక్కో సాలుకు ఒక్కో పెట్టె విడిగా ఉన్నది. మడికి డ్రమ్ సీడర్ మంచిదే, కానీ ఈ ఏడు ఒక్క ఎకరంలోనే వెయ్యి. తొమ్మిది నాగళ్ళ డ్రిల్ చెడ్డ మెషిన్ కాదు, నీ పంటలకు మాత్రం కాదు. నాది కల్వకుర్తి వైపు. సొంత చెలక విత్తుకుంటూ చుట్టుపక్కల ఊళ్ళకు కిరాయికి కూడా పోతాను కాబట్టి ఈ మూడు రకాలూ ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ మొండికేస్తాయో దగ్గరనుంచి చూస్తున్నాను.

విత్తే పరికరం ఏదైనా చేసే పనులు నాలుగే. గింజను కొలవాలి, నేలను చీల్చాలి, గింజను తడి మట్టి మీద పెట్టాలి, పైన మట్టి కప్పి అదమాలి. షాపుకు పోతే మన కన్ను రంగు మీదా, నాగళ్ళ లెక్క మీదా, పెట్టె ఎంత పెద్దదన్న దాని మీదా పడుతుంది. చూడాల్సింది పెట్టె అడుగున గింజను కొలిచే భాగం, కింద నేలలోకి దిగే కర్రు. కొలిచే భాగాన్ని పంటను బట్టి ఎంచుకోవాలి, కర్రును నేలను బట్టి ఎంచుకోవాలి. మిగతావన్నీ వీటి తర్వాతే.

నీకు డీలర్ చూపించిన డ్రిల్‌లో పెట్టె అడుగున గాడులు ఉన్న చిన్న రోలర్లు ఉంటాయి. ఫ్లూటెడ్ రోలర్ అంటారు. రోలర్ తిరుగుతుంటే గాడుల్లో నిండిన గింజ ధారగా పైపులోకి జారుతుంది. లీవర్ జరిపితే రోలర్ ఎంత పొడవు బయటికి వస్తుందో అంత గింజ పడుతుంది. గోధుమ లాంటి పంటకు ఇది చక్కగా సరిపోతుంది. సాలులో గింజ వెంట గింజ పడాలి, మొక్కకూ మొక్కకూ మధ్య ఇంత దూరమని పట్టింపు లేదు. పొడి దుక్కిలో వరి విత్తినా పనికొస్తుంది. మొక్కజొన్న అలా కాదు. సాలుకూ సాలుకూ 60, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు ఉండాలి. ఈ రోలర్‌తో వేస్తే ఒకచోట మూడు గింజలు కుప్పగా పడతాయి, తర్వాత మూరెడు దూరం ఖాళీ. పెద్ద గింజ గాడి అంచుకూ గోడకూ మధ్య ఇరుక్కుంటే పగులుతుంది కూడా. జొన్నలో అయితే గింజ ఎక్కువ పడి, తర్వాత కూలీలను పెట్టి ఒత్తు మొక్కలు పీకించాలి. విత్తేటప్పుడు మిగిలిన డబ్బు అక్కడ ఖర్చవుతుంది.

ఇంక్లైన్డ్ ప్లేట్ ప్లాంటర్‌లో పెట్టె అడుగున పళ్ళెం లాంటి ప్లేటు ఏటవాలుగా ఉంటుంది. దాని అంచున గుంటలు. ప్లేటు తిరుగుతూ గింజల్లో మునిగి పైకి లేచేటప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో గింజ కూర్చుంటుంది, అదనంగా పట్టుకున్నవి కిందికి జారిపోతాయి, పైకి వచ్చిన గింజ పైపులో పడుతుంది. షాపులో ఇది తిప్పి చూడకుండా డబ్బు కట్టకు. నీ ఇంట్లో విత్తనం గుప్పెడు జేబులో వేసుకుని పో. పెట్టెలో పోసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ప్లేటు పై అంచు దగ్గర కన్ను పెట్టి చూడు. ప్రతి గుంటలో ఒక్క గింజ ఉంటే ప్లేటు కుదిరినట్టు. రెండేసి వస్తుంటే గుంట పెద్దది. గింజ అంచున సగం కూర్చుని ఊగుతూ జారిపోతుంటే గుంట చిన్నది. సంకర మొక్కజొన్న విత్తనం సంచి సంచికీ సైజు మారుతుంది, చదును గింజలు ఒక సంచిలో, గుండ్రటివి ఇంకో సంచిలో వస్తాయి. అందుకే మొక్కజొన్నకు రెండు సైజుల ప్లేట్లు, జొన్నకు ఒకటి, కందికి ఒకటి తీసుకోవాలి. గుంటలు లేని ఖాళీ ప్లేటు కూడా ఒకటి రెండు అడుగు. తర్వాత నీకు నచ్చిన సైజు గుంటలు లేత్ షాపులో వేయించుకోవచ్చు.

పెట్టెలు విడివిడిగా ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, నువ్వు కంది వేస్తానన్నావు కాబట్టి. మన చెలకల్లో జొన్న, కంది 2:1 సాళ్ళలో వేయడం పాలెం పరిశోధనా స్థానం వాళ్ళూ చెప్పేదే, మన పెద్దవాళ్ళూ చేసిందే. ఒక పంట బెట్టకు పోతే ఇంకోటి చేతికొస్తుంది. పెట్టెలు విడిగా ఉంటే రెండింట్లో జొన్న, మూడోదాంట్లో కంది పోసి, ఆ పెట్టెకు కంది ప్లేటు బిగిస్తే ఒకే తోలకంలో రెండు పంటలూ పడతాయి. తొమ్మిది నాగళ్ళ డ్రిల్‌లో పెట్టె పొడుగునా ఒక్కటే. మధ్యలో రేకులు అడ్డం పెట్టి అవస్థ పడేవాళ్ళను చూశాను. రేకు సందులోంచి జొన్నలు కంది వైపు కారిపోతాయి.

ఇక గొర్రు. పెద్దవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. ఎద్దుల గొర్రు వెనక జడ్డిగంలో (గింజ పోసే గిన్నెలో) గింజలు వదిలే ఆడవాళ్ళ చెయ్యి చూశావా? పిడికిలి నిండా గింజలుంటాయి, బొటనవేలు మాత్రం కదులుతుంటుంది, ఎద్దులు నెమ్మదిస్తే వేలు నెమ్మదిస్తుంది. చేయి తిరిగిన మనిషి వేస్తే సాలు పొడుగునా మొలక ఒకే తీరుగా వస్తుంది. గొర్రు కర్రు సన్నం కాబట్టి తడి మట్టి పైకి తేలి ఆరిపోదు, గింజ సరిగ్గా తడి మీద కూర్చుంటుంది. ఎకరం రెండెకరాల చెలక, ఇంట్లో ఎద్దులు, చేయి తిరిగిన మనిషి ఉంటే నేను ఇప్పటికీ గొర్రే మంచిదంటాను. నీ దగ్గర ఎద్దులు లేవు. ట్రాక్టర్‌కు గొర్రు కట్టి వెనక మనుషులను కూర్చోబెట్టి జడ్డిగంలో వేయించే పద్ధతి మాత్రం వద్దు. ట్రాక్టర్ వేగానికి మనిషి చెయ్యి అందదు, గింజ ఒకచోట గుత్తులుగా, ఒకచోట పలుచగా పడుతుంది. పైగా గట్టు దగ్గర ఎత్తి తిప్పేటప్పుడు వెనక ఉన్నవాళ్ళు జారి పడే ప్రమాదం ఉంది. ఒక పూట కూలి కోసం మనిషి ప్రాణాన్ని అలా కూర్చోబెట్టకూడదు.

నేల సంగతి. దేవరకొండ, చింతపల్లి వైపు చెలకల్లో రాళ్ళు, మొరం ఎక్కువ. అలాంటి నేలకు స్ప్రింగ్ ఉన్న నాగళ్ళు కావాలి. రాయి తగిలితే నాగలి వెనక్కి వంగి మళ్ళీ తన చోటుకు వస్తుంది. బిగుతు నాగళ్ళ మెషిన్ అయితే కడ్డీ వంగుతుంది, లేదా బోల్టు తెగి, సరిగ్గా పదును (విత్తడానికి సరిపడే తడి) ఉన్న రోజునే పని ఆగిపోతుంది. కర్రు వెడల్పు పార రకం కాకుండా సన్నటి బూటు ఆకారపు రకం చూసుకో. సాలు సన్నగా పడితే తడి నిలుస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి రైతుల లెక్క వేరు. అక్కడ బంక మట్టి కర్రుకూ పైపు మూతికీ అంటుకుంటుంది, వాళ్ళు పదును కాస్త ఆరేదాకా ఆగాల్సిందే. వాళ్ళ మెషిన్ చూసి అదే కొనకు.

విత్తనంతో పాటు ఎరువు వేసే పెట్టె ఉంటే మంచిదే, కానీ ఎరువు పైపు, గింజ పైపు ఒకే బూటులో కలిసే మెషిన్ వద్దు. అడుగు ఎరువు గింజకు కాస్త పక్కగా, 4–5 సెంటీమీటర్ల కిందగా పడాలి. గింజకు ఆనుకుని పడితే, ముఖ్యంగా యూరియా కలిసి ఉంటే, తడి తక్కువైన రోజున మొలక మాడిపోతుంది. ఎరువు పెట్టెను ఏ రోజుకారోజు సాయంత్రం ఖాళీ చేసి తుడిచి పెట్టాలి. డీఏపీ రాత్రి తేమ పీల్చి గడ్డకడితే పొద్దున్నే సగం పైపులు పూడిపోయి ఉంటాయి, రేకు కూడా తుప్పు పడుతుంది.

సొంతానికి కొనాలా, కిరాయికి తెచ్చుకోవాలా అన్నది నువ్వు అడగలేదు కానీ అసలు అడగాల్సింది అదే. మన పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో వాన తక్కువ, అది కూడా ఒక తీరుగా రాదు. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తాలి, నల్లరేగడిలో 60 నుంచి 75 దాకా చూడాలి. ఆ వాన పడ్డాక ఎర్ర చెలకలో విత్తే పదును రెండు మూడు రోజులే నిలుస్తుంది, ఎండ కాస్తే ఇంకా తక్కువ. ఆ రెండు రోజులే ఊరందరికీ మెషిన్ కావాలి. కిరాయి మెషిన్ నీ వంతుకు వచ్చేసరికి పైన రెండంగుళాలు ఆరిపోతే, ఎంత మంచి ప్లాంటర్ అయినా గింజను పొడిలో పెడుతుంది. జొన్న ఆలస్యమైతే మొవ్వు ఈగ కూడా పట్టుకుంటుంది, వానాకాలం జొన్న జులై మొదటి పక్షం దాటనివ్వకూడదు.

1.8 మీటర్ల వెడల్పు ప్లాంటర్ గంటకు 3 నుంచి 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపులు, గింజ పోసుకోవడం అన్నీ కలిపి గంటకు సుమారు ఎకరం. నీ 8 ఎకరాలు ఒక రోజు పని. ఏడాదికి ఒక్క రోజు పనికి మెషిన్ కొనడం దండగనిపిస్తుంది. కానీ మిగిలిన పదునులో చుట్టుపక్కల వాళ్ళకు కిరాయికి తోలితే, లేదా ఇద్దరు అన్నదమ్ములు కలిసి కొంటే గిట్టుబాటవుతుంది. నీకు తోలే ఓపిక లేకపోతే మాత్రం కొనకు. దగ్గరి కస్టమ్ హైరింగ్ సెంటర్ (మెషిన్లు కిరాయికిచ్చే కేంద్రం)లోనో, సొసైటీలోనో మెషిన్ ఉందేమో కనుక్కుని, మృగశిరకు ముందే మాట తీసుకో.

సబ్సిడీ గురించి ఒక మాట. కేంద్రం యాంత్రీకరణ పథకం నిబంధనల్లో ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు, చిన్న సన్నకారు రైతులకు 50 శాతం దాకా, మిగతావాళ్ళకు 40 శాతం దాకా ఉంది, పైన ఒక పరిమితి కూడా ఉంటుంది. 12 ఎకరాలూ నీ పేరు మీదే ఉంటే చిన్న రైతు కిందికి రావు, ఆ లెక్క 5 ఎకరాల దాకానే. అమ్మ పేరునో, ఇంటావిడ పేరునో పట్టా ఉంటే వాళ్ళ పేరున దరఖాస్తు పెట్టుకో. డబ్బు కట్టే ముందే మండల వ్యవసాయ అధికారి దగ్గరికి పోయి, ఆ మోడల్ జాబితాలో ఉందా, ఈ ఏడు నిధులు వచ్చాయా అని అడుగు. డీలర్ నోటి మాట మీద కొన్న తర్వాత జాబితాలో లేదంటే చేసేదేం ఉండదు. మెషిన్‌కు టెస్ట్ రిపోర్ట్ ఉందా అని కూడా అడుగు. దక్షిణాదిలో ఇలాంటివి పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది.

కొన్నాక ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. చేలోకి దించే ముందు గింజ ఎంత పడుతుందో ఇంటి దగ్గరే కొలుచుకోవాలి. నేల మీద దొర్లుతూ ప్లేట్లను తిప్పే నేలచక్రం చుట్టుకొలత తాడుతో కొలువు. 40 సెంటీమీటర్ల అడ్డం ఉన్న చక్రానికి సుమారు 1.25 మీటర్లు వస్తుంది. మెషిన్‌ను జాకీ మీద లేపి, చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, ప్రతి పైపు కింద ఒక కవర్ కట్టి, చేత్తో 20 చుట్లు తిప్పు. 20 చుట్లంటే 25 మీటర్లు నడిచినట్టు. జొన్నకు 45 సెంటీమీటర్ల దూరంలో నాలుగు సాళ్ళంటే వెడల్పు 1.8 మీటర్లు. 25ను 1.8తో హెచ్చిస్తే 45 చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి 90 ఉంటాయి. కవర్లలో పడిన గింజ మొత్తం తూకం వేసి 90తో హెచ్చిస్తే ఎకరానికి ఎంత పడుతుందో వస్తుంది. జొన్న గొర్రుతో ఎకరానికి 4 కిలోలు వేస్తాం కదా, ప్లేటు బాగా కుదిరితే నేను 3 కిలోలకు పెట్టుకుంటాను. అంటే 20 చుట్లకు నాలుగు పెట్టెలూ కలిపి 33 గ్రాములు, పెట్టెకు 8 గ్రాములకు కాస్త పైన. మొత్తం ఒక్కటే చూడకు, కవర్ కవర్ విడిగా తూచు. ఒక పెట్టెలో 12, ఇంకోదాంట్లో 4 పడి మొత్తం సరిపోయిందంటే చేనులో సాలు తప్పించి సాలు ఖాళీ అన్నమాట. మొక్కజొన్నకు తూకం కన్నా లెక్క తేలిక. 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 25 మీటర్లకు పైపుకు 125 గింజలు పడాలి. 115 పైన వస్తే దిగులు లేదు. 100కు దిగితే ప్లేటు మార్చు.

జాకీ మీద వచ్చిన లెక్క చేలో కాస్త తగ్గుతుంది, ఎందుకంటే వదులు దుక్కిలో చక్రం జారుతుంది. చక్రానికి గుడ్డ పీలిక కట్టి, చేలో 20 చుట్లు తిరిగేసరికి ఎంత దూరం నడిచిందో టేపు పెట్టి చూడు. 25 బదులు 27 మీటర్లు వస్తే ఆ మేరకు గింజ పలుచనైనట్టే. చక్రానికి పళ్ళు అరిగి ఉన్నా, దుక్కి మరీ బూడిదలా ఉన్నా ఇది పెరుగుతుంది. విత్తనశుద్ధి చేసిన గింజను నీడలో బాగా ఆరబెట్టాకే పెట్టెలో పోయాలి. చెమ్మగా ఉంటే గింజలు ఒకదానికొకటి అంటుకుని పెట్టెలో వంతెన కట్టినట్టు నిలబడిపోతాయి, కింద ప్లేటు ఖాళీగా తిరుగుతుంటుంది. పై నుంచి చూసేవాడికి పెట్టె నిండుగానే కనిపిస్తుంది.

చేలో మొదటి సాలు తోలగానే ట్రాక్టర్ ఆపించి దిగు. ప్రతి పైపు వెనకా వేలితో మట్టి తీసి గింజ దొరికేదాకా చూడు. జొన్న 3–4 సెంటీమీటర్లు, మొక్కజొన్న 4–5, సజ్జ వేస్తే 2–3 దాటకూడదు. గింజ కింద మట్టి వేళ్ళతో నొక్కితే ఉండ కట్టాలి. అలా లేకపోతే లోతు సర్దుకో. ఎంత లోతుకు పెట్టినా తడి అందకపోతే ఆ రోజు విత్తడం ఆపెయ్యి. ట్రాక్టర్ ముందుకు కదలడం మొదలయ్యాకే మెషిన్ దించమని డ్రైవర్‌కు గట్టిగా చెప్పు. ఆగి దించినా, దించి వెనక్కి వచ్చినా బూటు మూతిలో మట్టి కూరుకుపోతుంది. ఆ సాలు మొత్తం గింజ పడదు, వారం తర్వాత మొలకలు చూస్తే గానీ తెలియదు. అందుకే గొట్టాలు లోపల గింజ కనిపించే పారదర్శకం రకం కావాలని అడుగు, వెనక ఒక మనిషి వాటిని చూస్తూ నడవాలి. డ్రైవర్‌ది గంట కిరాయి అయినా, ఎకరం కిరాయి అయినా తొందర తొందరే. వేగం పెరిగితే ప్లేటు గుంటల్లో గింజ కూర్చునే టైమ్ ఉండదు.

సాలుకూ సాలుకూ ఎంత దూరమన్నది విత్తేముందే తర్వాత కలుపు తీసేది దేనితో అని ఆలోచించి పెట్టు. నువ్వు ఎద్దులతో దంతె (సాళ్ళ మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలిస్తావా, పవర్ వీడర్ ఉందా, ట్రాక్టర్‌తో తోలతావా? ఆ పనిముట్టు వెడల్పు సాలులో ఒదగాలి. మొదటి సాలు వంకర పోతే చివరిదాకా అదే వంకర, దంతె తోలితే మొక్కలు పోతాయి. మొదటి సాలుకు తాడు కట్టుకో.

విత్తిన వెంటనే తేలిక గుంటకో, పలకో తోలి మట్టిని అదిమితే గింజకు తడి అంటుకుంటుంది. ప్లాంటర్‌కు వెనక నొక్కే చక్రాలుంటే ఇది అక్కర్లేదు. ఎర్ర చెలకలో ఇంకో బెడద ఉంది. విత్తిన మర్నాడు గట్టి వాన కొట్టి, ఆ తర్వాత ఎండ కాస్తే పైన పెచ్చు కట్టేస్తుంది. మొలక దాని కింద మెలికలు తిరిగి ఆగిపోతుంది. మూడో నాలుగో రోజున ముళ్ళకంప తేలిగ్గా ఈడ్పిస్తే పెచ్చు పగులుతుంది. ఈ ఒక్క పని చేయక మొత్తం చెడగొట్టి మళ్ళీ విత్తిన చేలు ఏటా చూస్తాను. ఆ తర్వాత మొలక రాని చోట్ల పది రోజుల లోపే గింజ నాటించు. దానికి చేత్తో తోసే ఒక్క సాలు సీడర్ చాలు.

గాలి ఒత్తిడితో పనిచేసే న్యూమాటిక్ ప్లాంటర్ల గురించి కూడా ఎవరో చెబుతారు. గింజ పడే తీరు అద్భుతం, ఒక్కో గింజ లెక్క తప్పదు. కానీ నీ 42 హెచ్‌పీ ట్రాక్టర్‌కు బరువు, ధర చాలా ఎక్కువ, 8 ఎకరాలకు అక్కర్లేదు.

ఇప్పుడు మడి. సాగర్ ఎడమ కాల్వ కింద, హాలియా, మిర్యాలగూడ వైపు నాటు కూలీలు దొరక్క నేరుగా విత్తే పద్ధతులకు మళ్ళిన వాళ్ళున్నారు. వెదజల్లడం కన్నా డ్రమ్ సీడర్ మేలు. కారణం ఒక్కటే, కలుపు. వెదజల్లిన మడిలో ఊద, తుంగ వస్తే మనిషి కాలు పెట్టే చోటు ఉండదు. డ్రమ్ సీడర్‌తో 20 సెంటీమీటర్లకో సాలు పడుతుంది కాబట్టి వీడర్ తిరుగుతుంది, మనిషి నడుస్తాడు. పరికరం తేలిక, ఒకరు లాక్కుపోవచ్చు, ఎనిమిది సాళ్ళు ఒకేసారి పడతాయి, రోజుకు రెండెకరాల పైనే అవుతుంది. నాటుకు ఎకరానికి 20–25 కిలోల విత్తనం పోసే చోట దీనికి 10–15 కిలోలు చాలు. నారు పీకి నాటే దెబ్బ ఉండదు కాబట్టి పంట వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. బోరు నీళ్ళకు ఆ వారం పెద్ద లెక్కే.

కానీ డ్రమ్ సీడర్ మడి అద్దంలా చదునుగా లేకపోతే పనిచేయదు. పల్లంలో నీళ్ళు నిలిచినచోట గింజ కుళ్ళుతుంది, మెరకలో ఆరి పిట్టల పాలవుతుంది. ఒక్క ఎకరంలోనే మొదలుపెట్టమన్నది అందుకే. నీ నాలుగెకరాల్లో అన్నిటికన్నా చదునైనది, నీళ్ళు పెట్టడానికీ తీయడానికీ వీలున్నది ఏదో నీకే తెలుసు, దాన్ని తీసుకో. విత్తనం 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో మరో 24 గంటలు మండె కట్టు, అంటే మొలక రావడానికి మూటగట్టి ఉంచు. యాసంగిలో చలి రాత్రుళ్ళు ఉంటే ఇంకాస్త టైమ్ పడుతుంది. గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే చాలు. మొలక పొడుగైతే గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని రంధ్రాల్లోంచి జారవు. మొలకెత్తిన గింజను కాసేపు నీడలో ఆరబోసి, డ్రమ్ముల్లో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ నింపకు. నిండుగా పోస్తే లోపల గింజ తిరగదు, సాలు తప్పుతుంది. దమ్ము చేసిన మర్నాడు బురద పేరుకున్నాక, నీళ్ళు తీసేసి పలుచని పొర మాత్రం ఉండగా లాగాలి. దమ్ము చేసిన రోజే దించితే చక్రాలు కూరుకుపోయి గింజ లోతుకు పోతుంది. మొదటి రెండు మూడు రోజులు పిట్టలు, పెద్ద వాన, ఈ రెండింటికీ కాపలా ఉండాలి. వాన వచ్చేలా ఉంటే ఆ రోజు విత్తొద్దు, గింజంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది.

కలుపు మందు విషయంలో గుర్తుంచుకో. విత్తిన 3 నుంచి 5 రోజుల లోపు సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే మందు) కలిసిన ప్రెటిలాక్లోర్ ఎకరానికి 600 మిల్లీలీటర్లు వేయాలి. నాటు వరికి వాడే మామూలు ప్రెటిలాక్లోర్ వేస్తే కలుపుతో పాటు వరి మొలక కూడా దెబ్బతింటుంది, షాపులో డబ్బా మీద సేఫ్‌నర్ అని రాసి ఉందో లేదో చదివి తీసుకో. 15–20 రోజులకు ఊద రెండు నాలుగు ఆకుల దశలో ఉంటే బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరానికి 100 మిల్లీలీటర్లు, మడిలో నీళ్ళు తీసి కొట్టి, ఒకటి రెండు రోజులకు మళ్ళీ పెట్టాలి. ఆ తర్వాత వీడర్ తిప్పితే సరిపోతుంది. మీ జిల్లాలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వరి మీద పని చేసేవాళ్ళే. మొదటిసారి వేసే ముందు అక్కడికి ఒకసారి పోయి రా. డ్రమ్ సీడర్‌ను ఆడించి చూపించమని అడుగు.

పొడి దుక్కిలో డ్రిల్‌తో వరి విత్తే పద్ధతి కూడా ఉంది. వాన మీద ఆధారపడి చెరువు కింద వేసేవాళ్ళకు అది బాగుంటుంది. నీది బోరు, పైగా పక్కన చెలక. తేలిక నేలలో పొడిగా విత్తిన వరికి ఇనుము లోపం వచ్చి ఆకులు తెల్లబడతాయి, అన్నభేది (ఇనుము ఇచ్చే మందు), నిమ్మ ఉప్పు కలిపి మళ్ళీ మళ్ళీ కొట్టాలి. ఆ గొడవ నీకు వద్దు.

ప్లాంటర్ కొనడానికి పోయినప్పుడు ఇంకో రెండు చూడు. నాగళ్ళు ఫ్రేమ్ మీద క్లాంపులతో జరిగేవా, వెల్డింగ్ చేసేసినవా? జరిగేవైతేనే 45 నుంచి 60కి, కందికి ఇంకా వెడల్పుకు మార్చుకోగలవు. రెండోది, ప్లేట్లు, చైన్లు, గొట్టాలు నల్లగొండలోనో, దేవరకొండలోనో దొరుకుతాయా, ఎక్కడో దూరం నుంచి తెప్పించాలా? పదును మీద చైన్ తెగితే ఆ రోజే దొరకాలి. ఒక చైన్, రెండు గొట్టాలు, నాలుగు బోల్టులు ముందే కొని టూల్ బాక్స్‌లో పడేసుకో.

నీ మడి నుంచి నీళ్ళు బయటికి తీసే దారి ఉందో లేదో, చెలకలో రాళ్ళు ఎంత ఉన్నాయో, కంది విడిగా వేస్తావో జొన్నలో కలిపి వేస్తావో రాయి. దాన్ని బట్టి ఎన్ని పెట్టెల ప్లాంటర్ తీసుకోవాలో, ఏ ప్లేట్లు అడగాలో చెబుతాను.